తగ్గిన రూపాయి

ఆ రోజు కలెక్షన్‌లో రూపాయి తగ్గింది.
డిపోలో మూడుసార్లు లెక్కపెట్టాను,
సంచీ తిరగేసి దులిపాను.
సొంత రూపాయి కలిపి సంతకం పెట్టి
ఇంటికొచ్చి బూటు విప్పితే
టంగుమని గచ్చు మీద పడింది.

పొద్దున ఐదింటి ట్రిప్పు నుంచి
దాని మీదే నిలబడ్డానన్నమాట.
అరికాల్లో గుండ్రంగా అచ్చు,
మధ్యలో తడి.
నాకేం తెలీలేదు.

మా డ్రైవరు ఏసోబు నవ్వాడు.
"కాలికింద డబ్బుంటే ఎవరికి తెలుస్తుందక్కా!"
మర్నాడు పుండు చూశాక నవ్వలేదు.
సూర్యారావుపేటలో ఒక చిరునామా చెప్పాడు,
వాళ్ళ నాన్నకి రెండు వేళ్ళు తీసేశాక
తెలిసిన చిరునామా అది.

డాక్టరు హుమేరా నాకంటే చాలా చిన్నది.
స్టూలు దగ్గరికి లాక్కుని
నా కాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.
చటుక్కున వెనక్కి తీసుకున్నాను.
మనలో కాళ్ళు పట్టుకోవడమంటే బతిమాలడం,
అరికాలి మంట నెత్తికెక్కడమంటే కోపం.
ఉత్తినే కాలి కోసం
కాలు పట్టుకోవడానికి మాటేదీ లేదు.
ఆమె మళ్ళీ తీసి పెట్టుకుంది.

"కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి."
గాలపు దారం లాంటి నైలాను పోగు.
ఆఁ, అన్నాను.
ఆఁ.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
ఫ్యాను చప్పుడు, బయట ఆటో హారను.
"ఆపేశారేంటమ్మా?"
"ఆపలేదండీ. ఇది నాలుగోసారి."

ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
ఎంత రద్దీలోనైనా
వెనకనుంచి ఎవడి చెయ్యి పడినా
వీపుతో పసిగట్టి తిరిగి ఒకటిచ్చేదాన్ని.

కాగితం మీద నిలబెట్టి
పాదం చుట్టూ పెన్సిలు గీత గీసింది.
దాని మీద నా బూటు పెడితే
ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లల్లా
నా వేళ్ళన్నీ బయటే ఉన్నాయి.
పెళ్ళినాటి నుంచీ ఆరో నంబరే తొడుగుతున్నా.
ఏడున్నరట నాది.
"సాయంత్రం పూట కొనండి, కాళ్ళు ఉబ్బి ఉంటాయి."

షుగరు తగ్గుతుందని ఎవరో అంటే
తెల్లారకముందే ఏలూరు కాలువ గట్టున
పరిగెత్తేదాన్ని,
ఆ బూట్లతోనే, మేజోళ్ళు కూడా లేకుండా.
అది చెబితే తిడుతుందనుకున్నా.
"పరుగు మంచిదే. పుండు మానేదాకా మటుకు వద్దు.
వేడినీళ్ళలో కాళ్ళు పెట్టొద్దు,
కాలినా మీకు తెలీదు."

ఏటా దసరాకి చెప్పుల్లేకుండా కొండెక్కేదాన్ని.
ఈసారి కిందనుంచే దణ్ణం పెట్టాను.
అమ్మవారికీ పాదాలున్నాయి,
అర్థం చేసుకుంటుంది.

రోజూ కాలంతా చూసుకోవాలంది.
గుర్తుండదని పేర్లు పెట్టాను:
బొటనవేలు బస్టాండు,
మూడోవేలు గవర్నరుపేట,
వేళ్ళ మొదళ్ళ దగ్గర బెంజి సర్కిలు, పటమట,
మడమ ఆటోనగరు.
రాత్రి అన్నాలయ్యాక
పౌడరు అద్దం అరికాలికింద పెట్టి
స్టాపు స్టాపుకీ ఆగుతాను.
బస్టాండులో జనం ఉన్నారు, వేలితో తాకితే పలుకుతారు.
బెంజి సర్కిల్లో ఎవరూ లేరు.
పటమటలో ఎవరూ లేరు.
ఎక్కేవాళ్ళు లేరని దాటేసి పోకూడదు.
అక్కడే ఎక్కువసేపు ఆపుతాను.

పుండు మానడానికి పది వారాలు పట్టింది.
ఇప్పుడు బూటులో కాలు పెట్టేముందు
చెయ్యి పెట్టి మూలమూలా తడుముతాను.
నిన్న చింతగింజ దొరికింది,
ఎదురింటి బుడ్డోడి పని.
గోళ్ళు అడ్డంగా నిటారు గీతలా కత్తిరిస్తాను,
వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుస్తాను,
మా ఆయన చూసి
"పెళ్ళికూతురి ముస్తాబు" అంటాడు. అననీ.

ఇవాళ నాకు వీక్లీ ఆఫ్.
గట్టు మీద మెల్లగా పరిగెడుతుంటే
పక్కన రోడ్డు మీద మా బండే వచ్చింది.
ఏసోబు స్లో చేసి తల బయటపెట్టాడు.
"ఎక్కుతావా అక్కా?"

ఊపిరి అందలేదు గానీ
అలవాటైన మాట కదా,
అదే వచ్చింది.

రైట్. రైట్.