మూడుసార్లు జారిన చెప్పు

చెప్పు మూడుసార్లు ఊడిపోయిందట,
మూడుసార్లూ వెనకొచ్చేవాళ్లే చెప్పారట.
కుడిపాదం పైచర్మానికి
కబురు అందడం లేదు.

మొగేర్‌లో మార్చి. ప్లాస్టిక్ గుడారాల కింద
స్ట్రాబెరీ సాళ్లలో రోజుకి ఏడు గంటలు
గొంతుక్కూర్చుంటుంది యమ్నా.
రెండు మేకలమ్మి మొరాకో నుంచి ఓడెక్కిన మనిషి.

మోకాలి కింద, బయటివైపు,
కోటుగుండీ అంత ఎముక చేతికి తగిలింది.
"ఇక్కడ ఫిబ్యులా మెడ చుట్టూ
ఒక నరం తిరుగుతుంది.
కండ అడ్డు లేదు, కొవ్వు మెత్త లేదు,
చర్మమొక్కటే దానికి దుప్పటి.
మీరు కూర్చున్నంతసేపూ నలిగింది."

దుబాసీ కుర్రాడు
నా మాటలన్నీ కలిపి ఒక్క ముక్కలో చెప్పాడు.

పాదం పైకెత్తమన్నాను.
నుదురు ముడిపడింది,
మెడనరాలు ఉబ్బాయి,
బొటనవేలు మాత్రం కదల్లేదు.

"విరగలేదు, తెగలేదు.
మూడు నెలలు అలా కూర్చోకపోతే
తిరిగి రావచ్చు."
"కోత రెండు నెలలే" అంది.
"మోకాళ్ల మీద నిలబడి కోస్తే?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే లేచింది.
నడవా పొడుగునా వినబడింది:
ఒకటి అడుగు,
ఒకటి చప్పట్లా నేలకు కొట్టిన పాదం.

రిపోర్టు రాయడానికి కూర్చున్నాను.
కాలు మీద కాలేసుకున్నానని
రెండో పేజీలో గానీ తెలియలేదు.

దించాను.