ఏడుపు లేని ఇల్లు

"అళ విడాదీంగ" అన్నాడు డాక్టరు,
ఏడవనివ్వకండి అని.
కాగితం మీద గుండె బొమ్మ గీసి
నాలుగు చోట్ల సున్నాలు చుట్టాడు.
నాకు సున్నాలు గుర్తులేవు.
ఆ ఒక్క మాటే పట్టుకుని
వ్యాసర్పాడి దాకా బస్సులో నిలబడి వచ్చాను,
మూడు నెలల పిల్ల భుజాన నిద్రపోతోంది.

ఏడిస్తే నీలమౌతుంది తన్మయి.
ముందు పెదవులు, తర్వాత గోళ్లు,
నేరేడుపళ్లు తిన్నట్టు,
ఇంకా పళ్లే రాని నోరు.
అప్పుడు మోకాళ్లు పొట్టలోకి మడిచి
రొమ్ముకు అదిమి పట్టుకోవాలి,
నా కడుపులో ఎలా ఉండేదో అలా.
పట్టుకుని లెక్కపెడతాను.
నూరు దాటితే ఆటో.
రెండుసార్లు దాటింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
నేను అడక్కముందే పెట్టే అమ్మనయ్యాను.
ఆకలి మొహంలోకి రాకముందే పాలు,
తడి తగలకముందే పొడి గుడ్డ.
దువ్వెన కావాలంటే దువ్వెన,
తాళంచెవులు కావాలంటే తాళంచెవులు,
ఒకరోజు గంటసేపు వాళ్ల నాన్న మీసం.

ఇల్లే కాదు, వీధి కూడా నేర్చుకుంది.
కింద శెల్వి పిండి గ్రైండరు
పైనుంచి కుయ్యిమంటే చాలు, ఠక్కున ఆగుతుంది.
నీళ్ల లారీ వాడు మలుపులో హారన్ కొట్టడు,
చక్రాల చప్పుడుకే బిందెలు బయటికొస్తాయి.
ఆడి నెలలో అమ్మవారి గుడి మైకు
రైలు పట్టాల వైపు తిప్పారు.
నేను ఎవర్నీ అడగలేదు.
శెల్వి అడిగిందో, పోట్లాడిందో.

కిరీటికి తొమ్మిదేళ్లు.
చెల్లెలి వేలికి తగిలించిన మిషన్లో
డెబ్బైరెండు చూసి సంబరపడ్డాడు,
"నాకూ లెక్కల్లో డెబ్బైరెండే!"
నవ్వాను.
తర్వాత బాత్రూములో పంపు తిప్పి
ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఏడవాలి కదా అని
నేనే ఏడ్చాను.

ఆపరేషన్‌కి ఏడు కిలోలు కావాలన్నారు.
ప్రతి ఆదివారం ఆయన
తను పనిచేసే చింతపండు మండీకి తీసుకెళ్లి
సగం దించిన షట్టరు వెనక
పెద్ద కాటా మీద గోనె పరిచి కూచోబెట్టేవాడు.
గోనె బరువు తీసేస్తే
ఐదున్నర. ఐదున్నర. ఐదూ ఆరొందలు.
జ్వరమొచ్చిన వారం ఐదూ మూడొందలు.
ఆ రాత్రి అన్నం ముట్టలేదు,
"కాటాలో ఏదో తేడా ఉంది, రిపేరుకివ్వాలి" అన్నాడు.
చింతపండు వాసనతో ఇంటికొచ్చేది పిల్ల,
ముద్దు పెడితే నోరూరేది.

పంగుని ఎండల్లో ఏడు దాటింది.
అద్దం తలుపు బయట ఆరు గంటలు.
ఆయన జేబులోంచి చింతగింజ ఒకటి తీసి
వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు, అరిగేదాకా.
నేనేం తలుచుకున్నానో చెప్పను.

పదమూడో రోజు ఇంటికి పంపుతూ
అదే డాక్టరు, కళ్లద్దాలు తుడుచుకుంటూ
"ఇని అళట్టుమ్" అన్నాడు.
ఇక ఏడవనీ.
వాల్వు కొంచెం కారుతోందట,
పెద్దయ్యాక మళ్లీ తెరవాలేమో,
అదీ చెప్పాడు.
ఆ మాట మడిచి ఫైల్లో పెట్టాను.

నిన్న మధ్యాహ్నం
టిఫిన్ డబ్బా మూత అన్న లాక్కున్నాడని
నోరంతా తెరిచింది,
వీధి చివరిదాకా.
నా చేతులు వాటంతటవే
మోకాళ్లు మడవడానికి పరిగెత్తాయి.
పెదవులు చూశాను. గోళ్లు చూశాను.
ఎర్రగా ఉంది, పండుమిరపలా, వొళ్లంతా కోపంగా.
నూరు లెక్కపెట్టాను. నూటపది.
ఇంకా ఏడుస్తూనే ఉంది.
కింద గ్రైండరు ఠక్కున ఆగింది.

మెట్ల మీంచి వంగి కేకేశాను:
"వేసుకో శెల్వీ,
ఊరికే ఏడుస్తోంది."