ఎవరూ తీసుకెళ్ళని కోటు

నవంబరులో మా కయానీలో
మధ్యాహ్నం మూడింటికే పొద్దు గూకుతుంది.
లైబ్రరీ కిటికీలో దీపాలు పెట్టి
కొత్త పుస్తకాల పెట్టెను తాళంచెవితో చీరాను.
పసిపిల్లల బూచి పుస్తకాలు, పదకొండు.
ఇంకా ఎవరి వేలిముద్రా పడని అట్టలు,
ఆరీ ఆరని రంగు వాసన.

ముందు నేనొక్కదాన్నే చదువుతాను, నిలబడే.
భయం ఎంత వేశారో చూడాలి కదా,
కూరలో ఉప్పు చూసినట్టు.
ఒకదాంట్లో మరీ ఎక్కువైంది: కోరలు, నెత్తురు.
ఆ కంగారంతా పెద్దవాళ్ళది. పక్కన పెట్టాను.
ఇంకోదాంట్లో అసలు వెయ్యనే లేదు,
దెయ్యం మొదటి పేజీ నుంచే పళ్ళికిలిస్తుంది.
అంత తొందరగా నవ్వేవాణ్ణి
పిల్లలు నమ్మరు.

మూడోది బూడిదరంగు కోటు కథ.
బడి వదిలాక కొక్కేనికి ఒక్క కోటు మిగులుతుంది.
దీపాలార్పాక మెల్లగా కిందికి దిగుతుంది.
లోపల ఎవరూ లేరు.
మెడ ఉండాల్సినచోట గుప్పెడు చీకటి.
మంచులో నడుస్తుంది, అడుగులు పడవు,
అంచు ఈడ్చుకుపోయిన గీత ఒకటే.
ప్రతి ఇంటి కిటికీ దగ్గరా ఆగి
"నేనెవరికి సరిపోతాను?" అంటుంది.

గురువారం. పద్నాలుగు మంది, ఉన్ని మేజోళ్ళతో.
బూట్ల మంచు గుమ్మంలో కరిగి మడుగు కట్టింది.
నేను గొంతు తగ్గించాను.
భయం చెప్పేటప్పుడు గొంతు పెంచకూడదు,
దించాలి, బావిలోకి చేద దించినట్టు,
నీళ్ళు తగిలేదాకా.

మెడ దగ్గరి చీకటి పేజీ వచ్చేసరికి
హిల్ల పక్కపిల్ల మేజోడు పట్టుకుంది.
విల్యో కళ్ళు మూసుకుని
వేళ్ళ సందుల్లోంచి చూశాడు.
"తూలిక్కీ, తిప్పొద్దు" అన్నారు.
"తిప్పు" అన్నారు,
వాళ్ళే.

ఆ రెండు మాటల మధ్య
కాగితం మందమంత చోటుంది.
ముప్ఫై ఏళ్ళుగా నా ఉద్యోగం అక్కడే.

ఓయివా మాత్రం ఏమీ అనలేదు.
ఆగస్టు నుంచి వస్తున్నాడు,
నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.
బల్ల కింద కూర్చుని వింటాడు,
నాకు కనిపించేది అతని మోకాళ్ళే.

కథ అయ్యాక కొక్కేల దగ్గర ఒకటే గోల,
జిప్పులు, టోపీలు, జత తప్పిన చేతితొడుగులు.
అప్పుడు చూశారు
చివరి కొక్కేనికి మా కోటుని.
వసంతం నుంచి అక్కడే ఉంది, ఎవరిదో తెలీదు.
బూడిదరంగు కూడా కాదు, నీలం.
అయినా గది గదంతా ఊపిరి బిగబట్టింది.
నాకూ, అబద్ధమెందుకు,
వెన్నులో ఏదో పాకింది.

ఓయివా బల్ల కింద నుంచి వచ్చాడు.
కోటు చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపాడు,
ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు.
"దీనికి ఆకలేస్తోంది" అన్నాడు.
అంతే. వాళ్ళమ్మ వచ్చింది,
వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు ఆమెతో,
ఆ పుస్తకమే కావాలని వేలితో చూపించాడు.
కార్డు మీద ముద్ర వేస్తుంటే
నావైపు కాదు, కొక్కేలవైపు చూశాడు.
వాళ్ళు వెళ్ళాక కోటు జేబులో
రై రొట్టె ముక్క,
ఒక అంచు కొరికి ఉంది.
లైబ్రరీలో తినే వస్తువులు ఉంచరాదని
నేనే రాసి అంటించిన కాగితం
సరిగ్గా దాని పైనే ఉంది.
దీపాలార్పి ఇంటికి పోయాను.

శనివారం చూస్తే జేబు ఖాళీ.
ఎలుక తినుంటుంది.
పాత భవనం కదా,
ఎలుకే.

నేల తుడుస్తూ కొక్కేల దాకా వచ్చాను.
కోటు కింద నుంచి గుమ్మం వరకు
సన్నగా, వంకర లేకుండా,
ఒక తడి గీత.
ఎవరో స్లెడ్జి లాగి ఉంటారనుకున్నాను.
రాత్రంతా తాళం వేసే ఉందన్న సంగతి
గుర్తు చేసుకోలేదు.

అది ఆరేదాకా
వేరే గది తుడిచాను.