సన్నగా పెట్టినప్పుడు

వల్పరైసో, ఆదివారం సంత.
ఇస్త్రీపెట్టెలకీ చెవి విరిగిన కప్పులకీ మధ్య నించి
ఎర్మెలిందా నాకీ ఆంప్లిఫయర్ అమ్మింది.
పద్ధెనిమిది కిలోలు. వెండి మొహం, చెక్క ఒళ్లు.
బిగ్గరగా పెట్టి వినిపించింది కూడా.
పక్కన చేపలవాడు చేతిలో చేపతోనే భుజాలు ఊపాడు.
మోసమేం లేదు.
పెసోలు లెక్కపెట్టి ఇచ్చి
కొండ మీదికి నూట అరవై రెండు మెట్లు మోశాను,
మధ్యలో మూడుసార్లు దాన్ని దించి
దాని పక్కనే కూర్చుని.

రాత్రి, ట్రాలీబస్సు కుదుపు ఇంకా మోకాళ్లలో ఉండగానే,
సన్నగా పెట్టాను.
కుడి వైపు పియానో.
ఎడమ వైపూ అదే పియానో,
గొంతులో ముల్లు ఇరుక్కుని.

స్పీకర్ల తీగలు అటూ ఇటూ మార్చాను.
ముల్లు అవతలి పెట్టెలోకి దూకింది.
సరే, స్పీకరు తప్పు కాదు.
రికార్డ్ ప్లేయర్ తీగలు మార్చాను.
ముల్లు కదల్లేదు.
అంటే జబ్బు కడుపులోనే.

మూత విప్పితే నలభై ఏళ్ల దుమ్ము,
ఒక అగ్గిపుల్ల, ఏదో పిల్లి వెంట్రుకలు.
ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లని నమ్మకూడదు,
పాత కక్షల్లా లోపల దాచుకుని ఉంటాయి.
వాల్యూమ్ బిరడాలోకి మందు కొట్టి
నలభైసార్లు తిప్పాను.
గడియారం ముల్లైతే ఏడుకీ ఎనిమిదికీ మధ్య
ఆ కాస్త మేరా గరగర.
మిగతా దారంతా ఎవరూ నడవనట్టు కొత్తగా ఉంది.
విన్నాను గాని, పట్టించుకోలేదు.

మీటరు పెట్టి ఓల్టులు చూశాను, బాగున్నాయి.
బాగున్న అతుకులు మూడు కరిగించి మళ్లీ అతికాను,
బొటనవేలు కాల్చుకున్నాను.
మూడు రాత్రులు.

నాలుగోరోజు కోపమొచ్చి
బిరడా ఒక్క తిప్పు తిప్పాను.
ముల్లు లేదు!
రెండు పక్కలా కడిగిన గాజులా పియానో.
గోడవతల నిబాల్దో చీపురుకట్టతో పొడిచాడు.
తగ్గించాను.
ముల్లు తిరిగొచ్చింది.

అరిస్తే తేటగా, గుసగుసగా చెబితే బొంగురుగా.
అప్పుడు వెలిగింది నాకు.
స్విచ్చి వేసిన నాలుగు క్షణాలకి
లోపల 'టిక్' మంటుందే, ఆ చిన్న రిలే.
ఈ ఊళ్లో సముద్రం
కనపడ్డ లోహాన్నల్లా నాకుతుంది.
రిలే పెదాల మీద సన్నటి మసి పట్టింది.
పెద్ద శబ్దం తోసుకుని దాటుతుంది,
చిన్న శబ్దానికి ఆ బలం లేదు.

గరుకు కాగితం వాడకూడదు, పైపూత పోతుంది.
నా బస్సు టికెట్టే ఒకటి సన్నగా చింపి
స్పిరిట్లో తడిపి
ఆ రెండు పెదాల మధ్య పెట్టి మెల్లిగా లాగాను.
నల్లటి గీత.
ఇంకో ముక్క. బూడిద గీత.
ఐదోది తెల్లగా వచ్చింది.

మళ్లీ ఆదివారం సంతకెళ్లాను.
"బాగైంది" అన్నాను ఎర్మెలిందాతో.
"బాగానే ఉండేది కదా" అంది.
"ఎవరో దాన్ని ఏళ్ల తరబడి
బాగా సన్నగా పెట్టుకుని విన్నారు" అన్నాను.
ఆమె ఇస్త్రీపెట్టె తీగ చుట్టడం ఆపింది.

"రేవులో రాత్రి పని ఆయనది.
వచ్చేసరికి రెండు దాటేది.
మాకు మధ్య పలకల గోడ. నాకు నిద్ర పల్చన.
సందులోంచి చిన్న పచ్చ దీపం కనిపించేది.
చీకట్లో ఊరికే కూర్చుంటాడనుకున్నాను.
ఇరవై ఏళ్లు
ఊరికే కూర్చుంటాడనుకున్నాను."

ఎవరో వచ్చి ఇస్త్రీపెట్టె ధర అడిగారు.
చెప్పింది. ఎక్కువన్నారు.
తగ్గించనంది, అంతకుముందుకన్నా గట్టిగా.

వారానికోసారి గట్టిగా పెడితే
రిలే శుభ్రంగా ఉంటుందట.
నిబాల్దోని ఒప్పించాలి.
ఈ రాత్రికి మాత్రం
బిరడాని ఏడు దాటించి, ఎనిమిది లోపల,
ఆ అరిగిన చోటే ఆపాను.