అడ్డగాలి

మొగల్రాజపురం కొండ కింద అద్దెగది.
ఈ మూల మా హనోకు
అన్నం తిన్నాక పదకొండుసార్లు కూలిపోయాడు.
మూడు సెకన్లు, మళ్లీ కొత్త విమానం,
మళ్లీ కేకలు, తెరంతా మంట,
పెట్రోలు అయిపోవడమంటే తెలీని ఆకాశం.

ఆ మూల నేను
ఇంకా ఇంజనే స్టార్ట్ చెయ్యలేదు.
బ్యాటరీ, పంపు, గాలి దిక్కు,
రాసుకున్న కాగితం రెండోవైపుకి తిప్పాను.
"పెళ్లికూతురి ముస్తాబా?" అంటాడు
చల్లారిన బజ్జీ నములుతూ.

ఒంటిగంటకి గన్నవరం కనబడింది.
కుడి రెక్క కింద బ్యారేజీ దీపాలు వెనక్కి జారాయి.
కృష్ణ మీంచి అడ్డగాలి.
అరచేతుల్లో చెమట.

కరెంటు పోయింది.

చీకట్లో వాడు నవ్వలేదు.
"దిగేవాడివేనా?" అన్నాడు మెల్లగా.
బల్ల కింద నా కాలు
లేని పెడల్‌ని
ఇంకా తొక్కుతూనే ఉంది.