పన్నెండు సెకన్లు

పలాసలో రాత్రి. జీడిపిక్కలు కాల్చిన వాసన
కిటికీ జాలీని పట్టుకుని వదలదు.
డయాలసిస్ సెంటరు మేడ మీద
ఈ పాత కంప్యూటరే మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి.
ఎవరు ఏ దేశంలో రాశారో,
గడియ పెట్టకుండా వదిలేసిన కోడ్.

అందులో ఒక అంకె: ఐదు.
ఐదు సెకన్లు ఏ మీటా నొక్కకపోతే
మనిషి లేనట్టే లెక్క. లైను తెగుతుంది.

మందస నించి మొఖలింగం రోజూ తెగిపోతున్నాడు.
లాగ్‌లో నాలుగు కాల్స్, నాలుగు ఖాళీలు.
రికార్డింగు వింటే ఖాళీ కాదది.
ఊపిరి. మేక అరుపు. ఎవర్నో పిలవడం:
"ఓలె గుంటా, అంకెలు అవుపడ్నేదు, ఇలగ్రా!"

పన్నెండు చేశాను.
మిస్డ్ కాల్ ఇస్తే మనమే తిరిగి చేసేలా
ఇంకో నలభై వరసలు, మూడు రాత్రులు.
రెండోరాత్రి ఎక్కడో ఒక కామా జారి
సెంటర్లో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.
నర్సు ఢిల్లేశ్వరి మెట్లెక్కి వచ్చింది,
"ఏటి బావూ, దెయ్యాలకి ఫోన్లు సేత్తన్నావా?"

ఆ గొంతే కావాలనిపించింది.
'దయచేసి వేచి ఉండండి' చదవమంటే చదవలేదు.
"ఉండండి, ఒత్తన్నాను" అంది.
అదే ఉంచాను.

రాసిందంతా మూలానికి పంపితే
అటునించి ఎవరో మర్యాదగా అడిగారు:
పన్నెండే ఎందుకు? పది చాలదా?

జవాబు రాసి చెరిపాను, రాసి చెరిపాను.
కళ్లజోడు వెతకడానికి ఏడు,
సిగ్గు విడవడానికి ఐదు,
అని పంపేశాక గుర్తొచ్చింది,
మేకని అదిలించడానికి
ఏమీ కలపలేదని.