లాగ్‌బుక్కులో ఒక గడి

రేణిగుంట రోడ్డులో జిలానీ షెడ్డు.
మూడు బండ్లు, మూడింటికీ దుమ్మొకటే రంగు.

నెలకు అరవై లీటర్లే ఇస్తారు మాకు.
భాకరాపేట కనుమ నించి తలకోన దాకా
దుప్పుల లెక్క రాయాల.
మేసిన చోటు, ఈనిన చోటు,
ఉచ్చులు దొరికితే అవీ.

"జిప్సీ మేడమ్, మేకపిల్ల మాదిరి ఎక్కేస్తాది."
తాగేదెంత?
తల గోక్కున్నాడు.
లీటరుకు ఎనిమిది, దిగుడైతే తొమ్మిది.
అరచేతిలో లెక్కేసుకున్నా:
ఇరవయ్యో తేదీకే అయిపోతాది నాకు అడవి.

రెండోదాని ఇంజను ఊడదీసుండాది.
మూడోది డీజిలు. పద్నాలుగిస్తాదంట.
తాళం తిప్పితే
షెడ్డు రేకులు గూడా దగ్గినాయి.

చెంగయ్య బానెట్టు ఎత్తలా, టైరు తన్నలా.
ఒకప్పుడు ఉచ్చులు పన్నిన చేతులు,
ఇప్పుడు నాకు గిట్టల జాడ చూపించే చేతులు.
డీజిలు జీపు తలుపు తీసి, వేసినాడు.
మళ్ళా తీసి, వేసినాడు.
"ఈ చప్పుడు కణితికి తెలుసు మేడమ్.
దీని ఎనకాలే తుపాకి దిగేది."

జిలానీ నవ్వబోయి ఆపుకున్నాడు.
తలుపులు పీకించి, పాతినుము కింద
పన్నెండు వందలు తగ్గించినాడు.

మొదటి రోజే, కనుమ మీద
చెంగయ్య నా మోచెయ్యి తాకినాడు.
ఇంజను ఆపేసినా.
బ్రేకు మీద కాలు, గుండె గొంతులో,
రాళ్ళమీద టైర్ల గుసగుస తప్ప ఏం లేదు.

మలుపు కాడ ఏడు దుప్పులు.
ఒకటి తలెత్తి చూసింది,
నములుతానే చూసింది.
మళ్ళా వంచింది.

సాయంత్రం లాగ్‌బుక్కు తీసినా.
దూరం: రెండు కిలోమీటర్లు.
డీజిలు: సున్నా.
ఆఫీసులో
ఎర్రసిరాతో చుట్టి పంపించినారు.